ఎవరి తప్పూ లేని అన్యాయం

ఎవరూ తప్పు చేయకుండా అన్యాయం జరగటం సాధ్యమేనా? మన నీతివిచారం సాధారణంగా దోషిని వెతుకుతుంది. దొరికితే తీర్పు చెబుతుంది. దొరక్కపోతే జరిగినదానికి ఖర్మ అని పేరు పెట్టి ఊరుకుంటుంది. ఈ రెంటికీ నడుమ జరిగే అన్యాయాన్ని పరిశీలించటానికి నేను ఎముకల వార్డును తీసుకుంటున్నాను.

ఎముకలు గుల్లబారే వ్యాధి, అంటే ఆస్టియోపొరోసిస్, నొప్పి పెట్టదు, జ్వరం తేదు. చాలామందిలో అది మొదటిసారి బయటపడేది ఎముక విరిగినప్పుడే. నిలబడ్డ మనిషి కాలు జారి నేలమీద పడినంతమాత్రాన ఎముక విరగకూడదు. విరిగిందంటే అది ఉట్టి ప్రమాదం కాదు, హెచ్చరిక. ఒకసారి అట్లా విరిగినవారికి మళ్లీ విరిగే అవకాశం తక్కినవారికన్నా సుమారు రెండింతలు. తుంటి విరిగిన వృద్ధులలోనైతే ఏడాది తిరక్కుండా దాదాపు అయిదుగురిలో ఒకరు చనిపోతున్నారు.

మందు లేకనా? తుంటికి ఆపరేషను అయినవారికి ఏడాదికొకసారి జొలెడ్రానిక్ ఆసిడ్ నరంలోకి ఎక్కిస్తే కొత్తగా ఎముకలు విరగటం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గినట్టు 2007లోనే తేలింది. అయినా మొదటి ఎముక అతికించుకుని ఇంటికి వెళ్లినవారిలో చాలామందికి ఏ మందూ అందటంలేదు.

మా వీధిలో బీడీలు చుట్టి బతికిన ఒక ముసలమ్మకు మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు చక్కగా అతికించాడు. ఆరు వారాలకు పిండికట్టు విప్పి, ఇక రానక్కర్లేదన్నాడు. అతని పని అయిపోయింది. ఆమెకు బి.పి. మాత్రలు రాసే డాక్టరుకు చెయ్యి విరిగిన సంగతే తెలియదు. కొడుకు అప్పుచేసి ఖర్చు భరించాడు. రెండేళ్లకు ఆమె తుంటి విరిగింది. వీరిలో ఎవరిని బోనెక్కించాలి? ఎవరి పని వారు చేశారు. ఒకరి పనికీ మరొకరి పనికీ మధ్యనున్నది మాత్రం ఎవరి పనీ కాలేదు.

ఈ సమస్యకు స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1999లో ఒక సమాధానం దొరికింది. యాభై దాటి ఎముక విరిగి వచ్చిన ప్రతివారినీ వెతికి పట్టుకోవటం, ఎముక సాంద్రత పరీక్ష చేయించటం, మందు అవసరమైనవారి సంగతి వారి కుటుంబవైద్యుడికి తెలియపరచటం - ఈ బాధ్యతను ప్రత్యేకంగా నర్సులకు అప్పగించారు. అక్కడ కొత్త మందు కనిపెట్టలేదు; కనిపెట్టింది ఒక ఉద్యోగాన్ని. 2012లో అంతర్జాతీయ ఆస్టియోపొరోసిస్ ఫౌండేషను ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రచారం చేయ పూనుకున్నది. అయితే 1948 నుంచీ ప్రజలందరికీ ప్రభుత్వవైద్యం అందిస్తున్న ఇంగ్లండులో కూడా, 2024 ఎన్నికలనాటికి ఈ నర్సు అన్ని ప్రాంతాలకూ చేరలేదు. శస్త్రచికిత్స చేసినవాడు కంటికి కనిపిస్తాడు. విరగకుండా మిగిలిపోయిన తుంటిని ఎవరు చూస్తారు?

ఇది గుమాస్తా పని, ఇందులో నీతిప్రశ్న ఏమున్నదని కొందరు మిత్రులు అడగవచ్చు. రోగులే శ్రద్ధగా మందు వాడరని మరికొందరు అంటారు. అలెండ్రోనేట్ మాత్ర సంగతే చూడండి. వారానికొకసారి పరగడుపున నిండు గ్లాసెడు మంచినీళ్లతో మింగాలి, అరగంటసేపు నడుము వాల్చకూడదు, టీ చుక్క కూడా తాగకూడదు. తెల్లవారకముందే కూలికి పోయే మనిషికి ఆ అరగంట ఎక్కడిది? పైగా మింగినందువల్ల ఏ బాధా తగ్గినట్టు తోచదు, ఉన్న బాధంటూ లేదు గనుక. ఎందుకు మింగాలో ఒకరు కూర్చుని చెప్పాలి. నెలలు గడిచాక మళ్లీ అడగాలి.

జ్ఞాపకం పెట్టుకోవటం కూడా శ్రమే. మన ఇళ్లలో ఆ శ్రమ చేసేది కోడలో కూతురో. చీటీలు దాచేది, తేదీలు గుర్తుంచుకునేది, ఆస్పత్రి బెంచీమీద పూటంతా కూర్చునేది వాళ్లే. దానికి కూలి లేదు గనుక లెక్కల్లోకి రాదు, లెక్కల్లోకి రాదు గనుక పనే కాదనుకుంటున్నాం. ఆస్పత్రి వదిలేసిన పని మాయమైపోదు, ఇంటి ఆడదాని మీద పడుతుంది. అట్లాంటి మనిషి లేని ఇంట్లో ఎవరిమీదా పడదు.

ఇప్పుడు ఎవరైనా ఈ పనిని మన పల్లెల్లో ఆశా కార్యకర్తకు అప్పగిద్దామనవచ్చు. ఊళ్లో ఎవరు జారిపడ్డారో ఆమెకు తెలిసినంతగా ఆస్పత్రికి తెలియదు గనుక ఆ సలహా సబబుగానే కనిపిస్తుంది. కాని 2005లో మొదలైన పథకం ఆమెను స్వచ్ఛందసేవకురాలన్నదే గాని ఉద్యోగి అనలేదు. ఈ పని ఆమెకిచ్చేవారు జీతం ఎంత ఇస్తారో మొదట చెప్పాలి.