ఇంటి ఎర



సూళ్లూరుపేట యొద్ద కాళంగి పారునప్పుడు గాలము వేయువారిని మనము చూచుచున్నాము. కొందరు అంగడిలో ఎర కొందురు. అందులో తప్పు లేదు. తక్కినవారు తడినేల త్రవ్వి వానపాములు తీయుదురు, లేక తవుడును గోధుమపిండియు కలిపి ముద్ద చేయుదురు. చేప ఎర వెల అడుగదు.

మనుష్యులను పట్టు పనియు అట్టిదే (మత్తయి 4:19). పట్టణపు బోధకుడు, అచ్చువేసిన కరపత్రములు లేనిదే సాక్ష్యమియ్యలేమని మనము వెనుదీయుచున్నాము. జాలరియైన పేతురు వెండి బంగారములు లేకున్నను, తనకు కలిగినదానినే కుంటివానికిచ్చెను (అపొ. కార్య. 3:6). జబ్బుపడిన పొరుగువానికి ముంతెడు గంజి, ఒక ప్రార్థన మన ఇంట లేవా?

అయితే ఒక భేదము కలదు. ఎరలో ముల్లు దాగియుండును. మన ప్రేమలో ముల్లు ఉండరాదు. అట్టి ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.