తలనొప్పికి సాక్షి ఎవరు?

జ్వరానికి థర్మామీటర్ ఉంది, బీపీకి మిషన్ ఉంది. మైగ్రేన్‌కు అలాంటిదేదీ లేదు. చాలామందికి స్కానింగ్‌లో అంతా మామూలుగానే కనిపిస్తుంది. డాక్టరుకు రోగి చెప్పే మాటే ఆధారం. "తలనొప్పే కదా" అని ఇంట్లోనూ ఆఫీసులోనూ కొట్టిపారేయడం తేలికయ్యేది అందుకే. మరి ఒకరి బాధ ఇంకొకరికి తెలిసే దారేది?

ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఈ ప్రశ్నను సూటిగా పట్టుకుంది. సుఖదుఃఖాలు ఎవరివి వారి మనసుకే ప్రత్యక్షం. ఎదుటి మనిషికి మిగిలేవి ముఖ్యంగా రెండు. పొగను చూసి నిప్పును ఊహించినట్టు గుర్తును బట్టి తెలుసుకోవడం అనుమానం. నమ్మదగిన మనిషి మాటను బట్టి తెలుసుకోవడం శబ్దం.

2000 ప్రాంతంలో జాన్ వేర్, యాకోబ్ బ్యోర్నర్ తదితరులు తయారుచేసిన, తలనొప్పి ప్రభావాన్ని కొలిచే 'హిట్' పరీక్ష మొదటి దారిలోనే, అంటే అనుమానంతోనే బయలుదేరింది. నొప్పి ఎంతుందన్న దగ్గర ఆగకుండా, అది బతుకులో వేటికి అడ్డుపడిందో అడుగుతుంది. అప్పటికే వాడుకలో ఉన్న ప్రశ్నావళుల్లోని ప్రశ్నలను పోగుచేసి, ఏది ఎంత తీవ్రతను పట్టిస్తుందో గణితంతో తేల్చారు. దాని కంప్యూటర్ రూపంలో ఒక జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. పనికి పెద్దగా ఆటంకం లేదన్నవారిని మరీ తీవ్రమైన ప్రశ్నలతో విసిగించదు. కొద్ది ప్రశ్నల్లోనే అంచనా కుదురుతుంది. కాగితం మీద వాడే హిట్-6లో ఉన్నవి ఆరు ప్రశ్నలే. మార్కులు 36 నుంచి 78 వరకు; 60, ఆపైన వస్తే ప్రభావం తీవ్రమని లెక్క.

అయితే అనుమానానికి ఒక చిక్కుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులే చెప్పిన ఉదాహరణ ఇది. తల పగిలిపోతున్నా పిల్లల బడి టైముకు వంట ముగించే తల్లి సంగతీ అంతే. మిడాస్ అనే మరో ప్రశ్నావళి, గత మూడు నెలల్లో ఇంటిపని ఎన్ని రోజులు మానేశారని అడుగుతుంది. ఆమె జవాబు సున్నా. సగానికి సగం పని తగ్గిన రోజులెన్నని కూడా అడుగుతుంది కాబట్టి కొంత నయం.

హిట్-6లోని ఒక ప్రశ్న ఇంకా లోతుకు వెళ్తుంది. తలనొప్పి వచ్చినప్పుడు పడుకున్నారా అని కాదు, పడుకోగలిగితే బాగుండునని ఎంత తరచుగా అనిపిస్తుందని అడుగుతుంది. దానికి బయట గుర్తు ఉండదు. చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

ఇక్కడ శబ్దం తప్ప గతి లేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పాలనుకునే మనిషే ఆప్తుడని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో వివరించాడు. ఆ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. చదువు, హోదా అడగలేదు. తన తలనొప్పి విషయంలో రోగిని మించిన ఆప్తులెవరు? అబద్ధాలాడేవారు ఉండరా అంటే ఉంటారు. అంతమాత్రాన నైయాయికులు శబ్దాన్ని వదులుకోలేదు. వైశేషికులు, బౌద్ధులు దాన్ని అనుమానంలో కలిపేసినా వీరు విడి ప్రమాణంగానే, అంటే తెలుసుకునే వేరే సాధనంగానే నిలబెట్టారు.

మీ ఇంట్లో తరచూ తలనొప్పితో బాధపడేవారుంటే హిట్-6లోని ఆరు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పని ఆగలేదు కాబట్టి నొప్పి లేదని మాత్రం తీర్మానించకండి.