మనవాడు ఎవరు?

వలసల పాఠం చెబుతుండగా ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి అడిగాడు: "సార్, ఫాదర్ ఫెర్రర్ మనోడా, బయటోడా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా తాండా పిల్లలకు వలస పుస్తకంలోని పాఠం కాదు. వాన ఎగ్గొట్టి వేరుశనగ ఎండిపోయిన ఏడు వాళ్ల అమ్మానాయనలు బెంగళూరు బస్సెక్కుతారు.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెసూట్ మిషనరీగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్వించారు. 1968లో దేశం విడిచి పొమ్మని ఆదేశం వస్తే, ఆయన కోసం వేలమంది రైతులు రోడ్డెక్కారు. మళ్లీ తిరిగివచ్చి 1969లో అనంతపురంలో అడుగుపెట్టారు. అప్పటికి 49 ఏళ్లు. మన ఊళ్లలో ఆ వయసుకు కాడి కొడుక్కి అప్పగించే ఆలోచనలో ఉంటారు. ఆయన మాత్రం 1970లో మఠాన్ని వదిలి, అన్నేను పెళ్లాడి, ఆర్‌.డి.టి. పనితో కొత్త బతుకు మొదలుపెట్టారు. 2009 జూన్ 19న ఈ నేలమీదే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది.

పుట్టుకే కొలత అయితే ఆయన బయటివాడు. మరి మనమో? మన సుగాలీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్లు. ఆగినచోట తాండా వేసుకున్నారు. పుట్టుక కొలత పట్టుకుంటే అది ముందుగా మన నెత్తినే పడుతుంది.

పోనీ, కష్టమే కొలత అందామా? అక్కడా జాగ్రత్త కావాలి. గిరిజనుల భూమి లాక్కున్నవాడు కూడా "చెమటోడ్చాను, ఇది నాదే" అంటాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 చట్టం అవసరమైంది అలాంటి వాళ్ల వల్లే. కాబట్టి ఎంత కష్టపడ్డాడన్నది ఒక్కటే చాలదు. ఆ కష్టం ఎవరి చేతికి దక్కిందో చూడాలి. బావి తవ్వినవాళ్లకే ఆ నీళ్లు మిగిలితే, తోడుగా నిలబడినవాడు మనవాడు. నీళ్లు అతని వెంట వెళ్లిపోతే, ఎన్నేళ్లున్నా బయటివాడే.

ఈ కొలత మనకూ వర్తిస్తుంది. ఆయన ఫోటోకు దండ వేసి, "మనకు చేసిపెట్టేవాడు పోయాడు" అని కూర్చుంటే ఆయన్ను పెద్ద చేసినట్టు కాదు, మనల్ని మనం చిన్న చేసుకున్నట్టు. కృతజ్ఞత మనిషిని నిలబెట్టాలి గాని వంచకూడదు.

నా సంగతీ చెప్పాలి. నేను పుట్టింది తాండాలోనే. ఉద్యోగం వచ్చాక టౌనులో అద్దెకుంటున్నాను. పొద్దున బస్సుకు వస్తాను, సాయంత్రం బస్సుకు పోతాను. తాండాలో బోరు ఎండినా నా ఇంట్లో కుళాయి ఆగదు. నేను మనవాడినని పుట్టుక చెబుతుంది. నా పని కూడా ఆ మాట చెబుతుందా అని ఈ మధ్య రోజూ అనుకుంటున్నాను.

మర్నాడు ఆ పిల్లవాడితో అన్నాను: "ఎక్కడ పుట్టాడని అడగొద్దురా. మన కరువులో పాలు పంచుకున్నాడా, మన మాటకు విలువ ఇచ్చాడా, అది అడుగు."

వాడు కాసేపు ఆలోచించి, "అట్లయితే బెంగళూరులో ఇండ్లు కట్టే మా నాయన ఆ ఊరోడే కదా సార్?" అన్నాడు.

అవును, ఆ ఊరివాడే. ఆ మాట ఆ ఊరు ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా అడిగే నోరు, చదువు మన పిల్లలకు ఇవ్వడం మన పని.