గరిటె పట్టే చెయ్యి

వంట గురించి మాట్లాడితే ఆడోళ్ళ ముచ్చటంటారు. నాయకత్వం అనగానే మైకు ముందుండే మొగోళ్ళ పేర్లు చెప్తారు. నేను మాత్రం నాయకత్వాన్ని మొదట మా మాదిగపల్లెలో, మా అమ్మ పొయ్యి కాడే చూశాను.

మా ఇంట్లో తినే నోళ్ళు ఏడు. కోటా బియ్యం నెలాఖరుదాకా వచ్చేవి కావు. మిరపకాయ కోతలకు పోయొచ్చిన అమ్మ, ఎసరు పెట్టేముందు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసేది. రేపటికెన్ని, ఎల్లుండికెన్ని? ఆ లెక్క ఆమె గుప్పిట్లో ఉండేది. బియ్యం తక్కువైన రోజు నీళ్ళెక్కువ పోసి జావ కాసేది. జ్వరంపడి లేచిన తమ్ముడికి మెత్తటి ముద్ద, పొద్దంతా చేలో వంగి వచ్చిన అక్కకి ఇంకో గరిటె. సమానమంటే అందరికీ ఒకే కొలత కాదని బీఎడ్ చదవకముందే నాకు తెలిసింది అక్కడే.

అందరి తర్వాత అమ్మ తినేది. చాలాసార్లు గంజి తాగి పడుకునేది. అడిగితే, "నాకు ఆకలిగా లేదులే" అనేది.

నా ప్రశ్న ఇక్కడే మొదలైంది. అమ్మల పస్తుల్ని త్యాగమని మనం పొగుడుతున్నాం. కవిత్వం రాస్తున్నాం, సభల్లో చప్పట్లు కొడుతున్నాం. అది త్యాగమేనా? తినే వీలుండి మానుకుంటే త్యాగం. మా అమ్మకి ఆ వీలేదీ? కూలి తగ్గించిన ఆసామీ, ముందు మొగోళ్ళకే పెట్టాలన్న ఇంటి కట్టూ కలిసి ఆమెని పస్తు పెట్టాయి. పస్తు పెట్టినవాళ్ళని నిలదీయకుండా పస్తున్నామెకి దణ్ణాలు పెడితే, ఆ పస్తు ఆమె కూతురికి వారసత్వమవుద్ది.

అందుకే 'అందరికీ పెట్టి ఆఖర్న తినేవాడే నాయకుడు' అన్నమాట నాకు సగమే ఒప్పుదల. ఆఖరివాళ్ళకి మిగిలేట్టు ఎసరు కాడే లెక్క చూసేవాళ్ళు నాయకులు. ఆ లెక్కలో వండినామె కంచం కూడా ఉండాలి.

ఇంకో పాఠం బడి నేర్పింది. బళ్ళో పిల్లలకి వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరిలో మొదలైంది. అప్పుడు నాది ఐదో తరగతి. మా వాడామె వండితే ఊళ్ళో పిల్లలు కొందరు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఆ బియ్యానికి నాటేసింది, కలుపు తీసింది, కోత కోసింది మా చేతులే. వడ్లప్పుడు లేని అంటు ఎసట్లో పడగానే ఎట్టా వచ్చింది? అంటు మెతుకులో లేదు. మేము పెట్టేవాళ్ళం, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళు కావడమే వాళ్ళకి మింగుడుపడలేదు. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్లో అదే కోర్టు ఆదేశించింది. సహపంక్తి భోజనాలతోనే కులం పోదని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. నిజమే. కానీ గరిటె పట్టే హక్కు కూడా కొట్లాడి తెచ్చుకోవాల్సిందే అయినప్పుడు, దాన్ని చిన్నదనుకోలేం.

ఇవాళ నేను టీచర్ని. ప్రైమరీ పిల్లకి పూటకి 100 గ్రాముల బియ్యం. యాభై మందికి ఐదు కిలోలు. కాగితం మీద లెక్క సరిపోద్ది. అది నిజంగా సరిపోయిందా లేదా అన్నది లైను చివర నిలబడితేనే తెలుస్తుంది. చివరి పిల్లకి కూర అందిందా? గుడ్డు అందిందా? అందుకే నేను నిలబడేది ఆ చివరే.

ఇక మన సంఘాల సంగతి. ఏప్రిల్ 14న మనం సమానత్వం మీద గంటలకొద్దీ మాట్లాడతాం. టెంటు వెనక మన అక్కలు పొగలో కళ్ళు తుడుచుకుంటూ అన్నం వార్చుతుంటారు. మన ఉపన్యాసం వాళ్ళు వినరు. వాళ్ళు చెప్పాల్సింది మనమూ వినం. తిని, "కూర బాగుందక్కా" అని బస్సెక్కుతాం. ఆసామి ఇంట్లో తప్పయింది మన టెంటు కింద ఎట్టా ఒప్పవుద్ది?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వచ్చే సభకి కరపత్రం వేసేముందు ఒక పని చేయండి. ఉల్లిపాయలు ఎవరు తరగాలి, గిన్నెలు ఎవరు తోమాలి, వంతులు రాసుకోండి. నాయకుల పేర్లు ముందు ఆ కాగితం మీద రాయండి. వంటక్కల పేర్లు వక్తల పట్టీలో రాయండి.