కాలువ ఉంది, తవ్వినవాళ్ళు లేరు

తీరిగ్గా తిరగడం కూడా ఒక హక్కేనని మాకు పరాయి దేశంలో తెలిసింది.

మన దగ్గర కొత్త ఊళ్ళోకి పోతే రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: ఏ ఊరు, ఎవరి మనుషులు? అందులో తప్పేమీ లేదు, అది పల్లెల మర్యాద. పేరు చెప్పేదాకా అంతా బాగానే ఉంటుంది. చెప్పగానే కొందరి మొహంలో ఏదో మారుతుంది. 'తెలుగు బలే మాట్లాడతారే!' అంటారు. మేం దూదేకులోళ్ళం. మా ఇంట్లో ఇంకో భాష లేదు. మా జేజికి తురకం ఒక్క ముక్క రాదు. అయినా ఆ మెచ్చుకోలుకి నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది.

స్పెయిన్‌లో గ్రనడా పోయినవాళ్ళందరూ అల్‌హంబ్రా కోట చూస్తారు. మేమిద్దరమూ చూశాం. మర్నాడు ఏ పనీ పెట్టుకోలేదు. బస్సెక్కి సియెర్రా నెవాదా కొండల దక్షిణపు వాలుకు, అల్పుహార్రా అనే ప్రాంతానికి పోయాం. పంపనైరాలో దిగి, కాలిబాటన బుబియోన్ మీదుగా కపిలైరా దాకా ఎక్కాం. మూడూ ఒకే లోయ అంచున, ఒకదాని పైన ఒకటి ఉన్న ఊళ్ళు. తొందర లేదు. అలిసినచోట కూర్చున్నాం. రొట్టె, ఆలివ్ కాయలు, బాదం పప్పులు తిన్నాం.

పై ఊరి బాటనుంచి కింది ఊరి కప్పులు చూసి ఇద్దరం ఒకేసారి 'మిద్దెలు!' అన్నాం. రాతి గోడలు, కొయ్య దూలాలు, వాటి మీద పలకలు, పైన బూడిదరంగు మట్టి. ఆ మట్టిని వాళ్ళు లౌనా అంటారు. కర్నూలు జిల్లాలో మా పాత ఇల్లూ అంతే. ఏటా వానలకు ముందు నాయన చవుడు తోలించి మిద్దె మీద పరిచేవాడు. ఆరువేల మైళ్ళు కాకున్నా అయిదువేల మైళ్ళయినా వచ్చి, మా ఇంటి కప్పు చూసుకున్నట్టయింది.

బాట పక్కన కాలువ. ఒక ముసలాయన పారతో పూడిక తీస్తున్నాడు. మా వైపు నీరుగంటి చేసే పనే. కొండమీద కరిగిన మంచునీళ్ళను ఇలాంటి కాలువలు పొలాలకు తెస్తాయి. మరికొన్ని కాలువలైతే నీళ్ళను పైవాలులోనే నేలకు ఇంకిస్తాయి. ఆ నీళ్ళు తర్వాత, ఎండాకాలంలో, కింద ఊటలై పైకొస్తాయి. కాలువను వాళ్ళు అసెకియా అంటారు. అరబ్బీ 'సాకియా' నుంచి వచ్చిన మాట. ఎవరు తవ్వారని సైగలతో అడిగాం. 'మోరోస్' అన్నాడు, అంటే ముస్లిములు. మీ వాళ్ళు ఎక్కడివాళ్ళని అడిగాం. 'ఇక్కడివాళ్ళమే, ఎప్పట్నుంచో' అన్నాడు.

ఆ 'ఎప్పట్నుంచో' కథ ఇది. 1492లో గ్రనడా రాజ్యం లొంగిపోయినప్పుడు, మీ మతం మీకుంటుందని ఒప్పందం రాసిచ్చారు. పదేళ్ళు తిరక్కుండానే బలవంతపు బాప్తిజాలు మొదలయ్యాయి. అలా మారినవాళ్ళకు మొరిస్కోలని పేరు పెట్టారు. మారినా నమ్మలేదు. 1567లో అరబ్బీ మాట్లాడకూడదన్నారు, తమ బట్టలు కట్టకూడదన్నారు, స్నానశాలలు మూయమన్నారు. శుక్రవారం ఇంటి తలుపులు తెరిచిపెట్టమన్నారు. 1568 డిసెంబరులో ఈ కొండల్లోనే తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచి, వీళ్ళను ఊళ్ళనుంచి తోలేశారు. ఖాళీ ఇళ్ళల్లోకి గలీసియా, లియోన్ వంటి ఉత్తరాది ప్రాంతాల రైతుల్ని తెచ్చారు. 1609 నుంచి 1614 వరకు స్పెయిన్ మొత్తంలో మొరిస్కోలను, సుమారు మూడు లక్షల మందిని, దేశం దాటించారు.

ఆ ముసలాయన మీద మాకు కోపం రాలేదు. ఆయన ఎవరినీ తరమలేదు. నాలుగున్నర వందల ఏళ్ళు ఒక నేల మీద బతికితే ఆ నేల తనదే. మాకు అసూయ కలిగింది. 'ఎప్పట్నుంచో' అన్న ఒక్క మాట చెప్పి, రుజువు చూపకుండా పార ఎత్తుకున్నాడు. ఈ నేలలోనే పుట్టి, ఇక్కడే మతం మారిన నేతగాళ్ళ, దూది ఏకేవాళ్ళ బిడ్డలం మేం. ఆ మాట ఎన్నిసార్లు అంటే నమ్ముతారు?

కపిలైరాలో దుకాణం ముందు పంది తొడలు వేలాడుతున్నాయి. అది అక్కడి తిండి, వాళ్ళిష్టం. ఒకప్పుడు ఆ మాంసం తినకపోవడమే మొరిస్కోను పట్టించే సాక్ష్యం. పక్కనే మూరిష్ కంబళ్ళు, మూరిష్ తేనీరు అమ్ముతున్నారు. మూరిష్ అన్న మాటకు అక్కడ ఇప్పుడు మంచి గిరాకీ. 2014 నుంచి గ్రనడా విశ్వవిద్యాలయం వాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి పూడిపోయిన పాత కాలువలు బాగుచేస్తున్నారు. సంతోషమే. 2015లో స్పెయిన్ ఒక చట్టం చేసి, 1492లో వెళ్ళగొట్టిన యూదుల సంతతికి పౌరసత్వం ఇస్తామంది. అదీ న్యాయమే. మొరిస్కోల సంతతికి అలాంటి చట్టం చెయ్యలేదు.

ఈ కొండలకు ఆగ్నేయంగా, సముద్రపు ఒడ్డున, ఎల్ ఎహీదో చుట్టూ పొలాలన్నీ ప్లాస్టిక్ కప్పుల కింద ఉంటాయి. వాటిల్లో కూరగాయలు కోసేవాళ్ళలో మొరాకో కూలీలు చాలామంది. 2000 ఫిబ్రవరిలో ఒక హత్య తర్వాత మూడు రోజులపాటు ఆ కూలీల ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. కాలువ తవ్విన మూర్ ముద్దు, టమాటాలు కోసే మూర్ చేదు. ఇక మమ్మల్ని ఆ రోజంతా ఎవరూ ఏమీ అడగలేదంటే, అది మా గొప్పా కాదు, వాళ్ళ ఉదారతా కాదు. మేం డబ్బు ఖర్చు పెట్టి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళం.

అల్‌హంబ్రా చూసి మనలో కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటారు, మన వైభవం పోయిందని. ఎవరి వైభవం? రాజులు మనకు చుట్టాలు కారు. ఇక్కడి నవాబులూ కారు. మనకు చుట్టాలెవరన్నా ఉంటే ఆ కాలువ తవ్వినవాళ్ళే. వాళ్ళ కోసమైతే ఏడవొచ్చు.

ఇక్కడా గుర్తులంటే అందరికీ ఇష్టమే. బిర్యానీ కావాలి, ఖవ్వాలీ కావాలి, చార్మినార్ ముందు ఫొటో కావాలి. రైతు, జిల్లా, హక్కు అన్న మాటలు లేకుండా తెలుగువాళ్ళకు ఒక రోజు గడవదు. కానీ అద్దెకు ఇల్లు అడిగితే పేరు అడుగుతారు. మాటలు మిగిలాయి కదా, రుచులు మిగిలాయి కదా అని మనల్ని ఓదార్చే మిత్రులతో మేం చెప్పేది ఒకటే. మొరిస్కోలకూ మాటలు మిగిలాయి. కాలువలూ మిగిలాయి.

దిగి వస్తూ బస్సులో అనుకున్నాం: మన ఊళ్ళోనే, మన పేర్లతోనే, ఇలా ఒక రోజు పొద్దస్తమానం ఊరికే తిరిగి రావాలని. అంతకన్నా పెద్ద కోరికేమీ లేదు. అది తీరిన రోజున, ఏ ఊరు అని రచ్చబండ మీద పెద్దాయన అడిగితే, మేం కూడా 'ఇక్కడివాళ్ళమే, ఎప్పట్నుంచో' అని చెప్పి మా పనికి మేం పోతాం.