రహస్య సంఖ్య ఎవరి చేతిలో?

రాయగడ కొండపల్లెల నుండి మా దుకాణమునకు వచ్చు వృద్ధులలో కొందరు ఉప్పు, నూనె కొని, ఫోనుతోపాటు రహస్య సంఖ్యను కూడ నాకే చెప్పి, "నువ్వే చూడు, షావుకారూ" అందురు. నేనెన్నడును మోసగింపలేదు. అయినను, చదువు రానివారు తమ సొమ్ముకై అమ్మువాని నిజాయితీనే నమ్ముకొనవలసి వచ్చుట న్యాయమా?

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే వలన, ఇంటర్నెట్ లేని మీటల ఫోనులోనే, వినిపించు మాట ననుసరించి సొమ్ము చెల్లింపవచ్చును. మేలే. కాని కువి భాష తప్ప ఎరుగని ముసలమ్మకు ఆ గొంతు హిందీలో పలికినచో, అర్థముకాని అక్షరమునకును దానికిని భేదమేమి?

యంత్రము ఆమె భాష నేర్చువరకు మనమే పక్కన కూర్చుండి నేర్పవలెను. ఆమె అంకెలు నొక్కునప్పుడు మాత్రము ముఖము తిప్పుకొనవలెను. ఆమె నమ్మకము నాకు గౌరవమే. నన్ను నమ్మక తప్పని స్థితిని తొలగించుట నా ధర్మము.