పూర్తధర్మం, పదకొండు నెలల కౌలు

ధర్మశాస్త్రాలు సత్కర్మలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించి, యజ్ఞయాగాదులను మొదటిదానిలోను, చెరువులు తవ్వించడం, తోటలు వేయించడం వంటి లోకోపకార కార్యాలను రెండవదానిలోను చేర్చాయి. ఇష్టాన్ని ద్విజులకే పరిమితం చేసిన స్మృతులు సైతం పూర్తానికి శూద్రులు అర్హులని అంగీకరించాయి. తెలుగునాట ఈ భావన సప్తసంతానాలుగా స్థిరపడి, పుత్రుడు, తటాకం, దేవాలయం, అగ్రహారం, నిధి, ప్రబంధాలతో పాటు వనాన్ని కూడా మనిషి మిగిల్చిపోయే సంతతిగా నిలబెట్టింది.

నాటినవాడు కాపు చూసేదాకా బ్రతకకపోవచ్చు గనుక, ఆ ఫలం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. దీనికి శాస్త్రకారులు చూపిన సమాధానం ఉత్సర్గం, అంటే సర్వప్రాణుల కోసం ఒక వస్తువుపై స్వామ్యాన్ని వదులుకోవడం. దానం చేసిన వస్తువును దాత మళ్లీ అనుభవించరాదు. ఉత్సర్గంలో మాత్రం కర్త కూడా ఆ సర్వులలో ఒకడే కాబట్టి, తాను తవ్వించిన చెరువు నీరు తాగడానికి, తాను వేయించిన తోట నీడన నిలవడానికి అతనికి అడ్డు లేదు. త్యాగానికీ అనుభవానికీ వైరం లేదనే ఈ సూక్ష్మం, బ్రతుకుతెరువు కోసమే చెట్లు పెంచే రైతు ధర్మాన్ని గ్రహించడానికి నిష్కామకర్మ సిద్ధాంతం కన్నా దగ్గరి దారి.

అలాంటి రైతు సాగులో పంటలనూ చెట్లనూ ఒకే నేలలో కలిపి పెంచే పద్ధతిని అగ్రోఫారెస్ట్రీ అని, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాపునిచ్చే పంటలను బహువార్షిక పంటలని అంటారు. పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెంచుతూ, ఆ మానులకే మిరియాల తీగలు పాకిస్తారు. గింజల ఆదాయం రైతుకు దక్కినా, రాలిన ఆకు వాలు మీది మట్టిని కాపాడడం వల్ల, వేళ్ల వెంట వాన నీరు ఇంకడం వల్ల కలిగే మేలు దిగువ ఊళ్లకు కూడా చేరుతుంది. సంకల్పం చెప్పకుండానే ఇక్కడ ఉత్సర్గం జరిగిపోతున్నది. సిల్వర్ ఓక్ ఒక్కటే అడవి కాజాలదన్నది నిజమే, కాని ఏటా నేల దున్నే సాగు కన్నా ఇది ఎంతో మేలు.

అయితే స్వామ్యం లేనివాడు దేనిని వదులుకోగలడు? 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఇచ్చిన పట్టా, అమ్ముకోవడానికి వీలులేకపోయినా, వారసులకు సంక్రమిస్తుంది. తరాల లెక్కన పెరిగే చెట్టుకు తగిన హక్కు అదే. మైదానంలోని కౌలు రైతు స్థితి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చిన హక్కు పత్రం గడువు 11 నెలలు. అంటు మామిడి కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. మొక్క నాటితే భూమిపై హక్కు అడుగుతాడేమోనని భూయజమాని, నాటినా కాపు తనకు దక్కదని కౌలుదారు వెనుకాడుతుంటే, చెట్లు పెంచడం పుణ్యమని ఆ కౌలుదారుకు బోధించడం అన్యాయం. పూర్తధర్మంలో అతనికి నిజంగా అధికారం కలగాలంటే, కౌలు దీర్ఘకాలానికి వ్రాతపూర్వకంగా ఉండాలి, గడువు ముగిసి నేల విడిచే నాటికి పెరిగిన చెట్టు విలువలో నాటినవాడి వాటాను చట్టం గుర్తించాలి.